డ్రై ఐ మంటకు మత్తు చుక్కలు: ఒక కార్నియా కేసు వివరాలు

పేషెంటు ఎవరో పోల్చుకునే వీలు లేకుండా వయసు, ఉద్యోగం, కుటుంబం వంటి వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. వైద్యానికి సంబంధించినంతవరకు జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. డ్రై ఐతో ఏళ్లతరబడి బాధపడుతున్నవాళ్లు, వాళ్లకు వైద్యం చేసేవాళ్లు, ఇద్దరూ చదవాల్సిన కేసు ఇది.

నేపథ్యం

ఆమె వయసు నలభైకి కాస్త అటూ ఇటూ. షిఫ్టులు మారుతూ, పని ఉన్నంతసేపూ స్క్రీన్ చూస్తూ ఉండాల్సిన ఉద్యోగం. కళ్లజోడు వదిలించుకోవడానికి చాలా ఏళ్ల కిందట లాసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్నారు. చూపు చక్కగా కుదిరింది. కానీ అప్పటినుంచి కళ్లు పొడిబారడం మొదలై, పూర్తిగా ఎప్పుడూ తగ్గలేదు. లాసిక్‌లో కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, పైభాగాన్ని పలచటి రేకులా లేపుతారు. ఆ క్రమంలో అందులోని సన్నటి నరాలు తెగుతాయి. చాలామందిలో కొన్ని నెలలకు అవి మళ్లీ అల్లుకుని పొడితనం సర్దుకుంటుంది. కొద్దిమందికి ఆ అదృష్టం ఉండదు.

ఏడాదిగా బాధ బాగా ముదిరింది. పొద్దున లేచేసరికి రెప్పలు కనుగుడ్డుకు అతుక్కుపోయినట్టు ఉండేవట. మధ్యాహ్నానికి నలక పడినట్టు గరగర, సాయంత్రానికి మంట. ఏసీ గాలి మొహానికి తగిలితే కళ్లు తెరిచి ఉంచలేరు. వెళ్లిన ప్రతిచోటా "పెద్దగా ఏమీ లేదు, కాస్త డ్రై ఐ" అనే మాటే విన్నారు. చార్టులో చివరి వరస దాకా గడగడా చదివే మనిషి నొప్పితో విలవిల్లాడుతున్నానంటే ఇంట్లోవాళ్లకు కూడా నమ్మబుద్ధి కాదు. డ్రై ఐలో ఇది మామూలే. పరీక్షలో కనిపించేదానికీ, మనిషి పడే బాధకీ చాలాసార్లు పొంతన ఉండదు. కన్నీటి పొర జబ్బులపై పనిచేసే అంతర్జాతీయ సంఘం టీఎఫ్‌ఓఎస్ 2017లో ఇచ్చిన రెండో నివేదిక డ్రై ఐని నిర్వచిస్తూ, కన్నీటి పొర నిలకడ తప్పడం, కన్నీరు చిక్కబడటం, వాపులతో పాటు నరాల స్పందనలో వచ్చే తేడాలను కూడా కారణాల్లో చేర్చింది.

అప్పటిదాకా జరిగిన వైద్యం వివరాలు తర్వాత పాత కాగితాల్లో చూశాను. ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) కలిసిన కృత్రిమ కన్నీటి చుక్కలను ఆమె రోజుకు పదిపన్నెండు సార్లు వేసుకునేవారు. బెంజల్కోనియం క్లోరైడ్ అనే ఆ ప్రిజర్వేటివ్ రోజుకు మూడు నాలుగు సార్లకు మించితే పొడి కంటి పైపొరను అదే దెబ్బతీస్తుంది. వాపును తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు రాశారు గానీ, మంట పుడుతోందని రెండు వారాలకే మానేశారు. అది మొదట్లో మంట పుట్టిస్తుందనీ, ఫలితం తెలియడానికి మూడు నెలలదాకా పట్టొచ్చనీ ఎవరూ చెప్పినట్టు లేదు. తుమ్ములకు రోజూ రాత్రి వేసుకునే అలర్జీ మాత్ర కన్నీటిని ఇంకా ఆరబెడుతుందన్న సంగతీ ఎవరి దృష్టికీ రాలేదు. రెప్పల అంచుల్లో నూనె ఊరించే మైబోమియన్ గ్రంథులను నొక్కి చూసినట్టు ఒక్క కాగితంలోనూ లేదు.

మా దగ్గరికి వచ్చినప్పుడు

రిఫర్ చేసిన డాక్టర్ చీటీలో "మందులకు లొంగని కార్నియా ఇన్ఫెక్షన్, అకాంతమీబా అనుమానం" అని ఉంది. అకాంతమీబా అంటే నీటిలో, మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి. కుడికన్ను రెప్పలు ఉబ్బి ఉన్నాయి. చూపు 6/60కి పడిపోయింది, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరం ఆ కంటికి 6 మీటర్ల దగ్గరే కనిపిస్తుంది. కార్నియా మధ్యలో పైపొర, అంటే ఎపిథీలియం, సుమారు 6 మిల్లీమీటర్ల మేర ఊడిపోయి ఉంది. ఆ పుండు అంచులు బూడిదరంగులో మందంగా చుట్టుకుపోయి ఉన్నాయి. దాని చుట్టూ తెల్లటి ఉంగరం ఆకారంలో మచ్చ. లోపలి పొర ముడతలు పడింది. కంటి ముందు గదిలో అడుగున సన్నటి చీము గీత. ఎడమకంటిలో పుండు లేదు కానీ ఫ్లోరెసిన్ అనే రంగు వేస్తే కార్నియా కింది సగమంతా సూదిమొనంత చుక్కలతో నిండిపోయింది.

ఏ చుక్కా వేయకముందే దూదిని సన్నటి పోగులా మెలితిప్పి కార్నియాను తాకించి చూశాను. ఇలాంటి కేసుల్లో ఇది మొదట చేయాల్సిన పని. ఎందుకంటే ప్రెషర్ చూడటానికో, గీకి శాంపిల్ తీయడానికో స్పర్శ తెలియకుండా చేసే మత్తు చుక్క వేశామంటే స్పర్శ ఎంత ఉందో ఇక ఆ పూటకు తెలియదు. కుడికంటి మధ్యభాగంలో పోగు తగిలినా ఆమె రెప్ప వేయలేదు. ఎడమకంటిలో కూడా స్పర్శ తగ్గింది.

ఇక్కడే లెక్క తప్పింది. నొప్పి పదికి పది అంటున్నారు, తాకితే మాత్రం తెలియడం లేదు. హెర్పిస్ వైరస్ వల్ల స్పర్శ పోతుంది. కానీ అది సాధారణంగా ఒక కంటికే వస్తుంది, ఇంత నొప్పి కూడా ఉండదు. అకాంతమీబాలో ఉంగరం మచ్చ, భరించలేని నొప్పి రెండూ ఉంటాయి. అయితే దానికి ఎక్కువగా కాంటాక్ట్ లెన్స్ వాడకమో, మట్టి నీళ్లు కంట్లో పడటమో మూలంగా ఉంటుంది. ఈమెకు రెండూ లేవు. పైగా ఎడమకన్ను కూడా దెబ్బతినడానికి ఈ రెండూ సరైన కారణం చూపలేవు. రెండు కళ్లలోనూ పైపొర ఇలా పాడైతే, కంట్లో ఏదో పడుతోందని ముందుగా అనుమానించాలి.

మొదటి నిర్ణయం

అనుమానం ఎటు ఉన్నా, ఇన్ఫెక్షన్ కాదని తేలేవరకు ఇన్ఫెక్షన్‌గానే చూడాలి. కార్నియా ఒక్క రోజులో కరిగిపోయిన సందర్భాలూ ఉంటాయి. శాంపిల్ తీసి స్మియర్లు, బాక్టీరియా, ఫంగస్, అకాంతమీబా కల్చర్లు, హెర్పిస్‌కు పీసీఆర్ పంపాం. కార్నియా కణాలను కంట్లోనే చూపించే కన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో అమీబా తిత్తులు (సిస్టులు) కనిపించలేదు. బాక్టీరియాకు ప్రిజర్వేటివ్ లేని మాక్సిఫ్లాక్సాసిన్ మొదలుపెట్టాం.

అమీబా మందు మాత్రం మొదలుపెట్టలేదు. రిఫర్ చేసిన డాక్టర్ మొదలుపెట్టమనే సూచించారు. మంచి ఉద్దేశమే. కానీ క్లోర్‌హెక్సిడిన్ లాంటి మందులను గంటగంటకూ వేస్తే, ఇప్పటికే ఊడిపోయిన పైపొర మానడం ఇంకా కష్టమవుతుంది. ఆధారం లేకుండా విషపు గుణమున్న మందును విషం వల్లే దెబ్బతిన్నట్టు కనిపిస్తున్న కంట్లో పోయడానికి మనసొప్పలేదు. రోజూ చూస్తూ, కల్చర్‌లోనో కన్ఫోకల్‌లోనో ఏ చిన్న ఆధారం దొరికినా వెంటనే మొదలుపెట్టాలని రాసి పెట్టాం.

శాంపిల్ తీసేటప్పుడు మరో చిన్న విషయం గమనించాను. మత్తు చుక్క వేసి కాస్త ఆగుదామని అంటుండగానే ఆమె, "అక్కర్లేదు డాక్టర్ గారూ, ఇప్పటికే పట్టేసింది, కానివ్వండి" అన్నారు. మొదటిసారి ఆ చుక్క పడినవాళ్లు ఎవరైనా చుర్రుమనగానే తల వెనక్కి లాక్కుంటారు. ఈమె కదల్లేదు. చుక్క పడ్డాక భుజాలు కిందికి దిగాయి, చాలాసేపటి తర్వాత ఊపిరి పూర్తిగా వదిలారు. బయట కూర్చున్నప్పుడు అల్లాడిపోయిన మనిషి వాష్‌రూమ్‌కి వెళ్లొచ్చాక తేరుకున్నారని మా సిస్టర్ అంతకుముందే చెప్పి ఉన్నారు. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకున్నాను.

అడగడం ఎలా

"మత్తు చుక్కలు వాడుతున్నారా?" అని సూటిగా అడిగితే చాలామంది లేదనే అంటారు. అబద్ధం చెప్పాలని కాదు. తప్పు చేస్తున్నామన్న బెరుకు ఒకటి, నిజం చెబితే ఉన్న ఒక్క ఆసరా లాగేసుకుంటారన్న భయం ఇంకొకటి. అందుకే కుటుంబసభ్యులను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, ఇలా అడిగాను: "అమ్మా, ఏడాదిపాటు ఇంత మంట భరించడం మాటలు కాదు. మీ స్థానంలో ఎవరున్నా, వేసుకోగానే హాయిగా ఉండే చుక్క ఏదైనా దొరుకుతుందా అని చూస్తారు. మీకు అలాంటిది దొరికిందా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్యాగులోంచి కృత్రిమ కన్నీటి అట్టపెట్టె తీశారు. లోపల ఉన్న సీసా వేరు. లేబుల్ గోటితో గీకేసి ఉంది, జిగురు మరక మీద దుమ్ము అంటుకుని నల్లబడింది. మూత సగం తిప్పి వదిలేసి ఉంది, చటుక్కున తీసుకునేలా. అది కంటికి మత్తు ఇచ్చే ప్రొపారకైన్ 0.5 శాతం.

కొన్ని నెలల కిందట కంట్లో నిజంగానే నలక పడితే ఎమర్జెన్సీకి వెళ్లారట. నలక తీయడానికి వేసిన చుక్కతో ఏడాదిలో మొదటిసారి కళ్లు ఉన్నాయన్న సంగతే మర్చిపోయారట. నొప్పిగా ఉంటే వేసుకోమని మిగిలిన సీసా చేతికిచ్చి పంపారు. అది అయిపోయాక తెలిసినవాళ్ల ద్వారా తెప్పించుకున్నారు. మొదట్లో రాత్రి పడుకునే ముందు ఒక్కసారి. తర్వాత పనిలోకి వెళ్లే ముందు కూడా. చివరికి అరగంటకు ఒకసారి. 5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు వంద చుక్కలుంటాయి. రెండు కళ్లకూ ఈ లెక్కన వేస్తే సీసా రెండు మూడు రోజులు కూడా రాదు.

"అది వేసుకుంటేనే మామూలు మనిషిలా ఉండగలిగేదాన్ని డాక్టర్ గారూ. కన్ను పాడవుతోందని తెలుస్తూనే ఉంది. కానీ అది లేకపోతే ఆ పూట గడిచేది కాదు" అన్నారు. ఆ మాట కేస్ షీటులో ఆమె చెప్పినట్టే రాసుకున్నాను. వైద్యం ఎటు నడవాలో అందులోనే ఉంది.

ఆ చుక్క కంట్లో ఏం చేస్తుంది

మన శరీరంలో నరాలు అత్యంత దట్టంగా ఉండే కణజాలాల్లో కార్నియా ఒకటి. ఆ నరాలు నొప్పి చెప్పడంతో ఆగవు. కంటి ఉపరితలం కాస్త చల్లబడినా, ఆరినా పసిగట్టి కన్నీటి గ్రంథికి కబురు పంపేవి అవే. రెప్ప వేయించేవి అవే. పైపొర కణాలను బతికించే పోషక పదార్థాలను విడుదల చేసేవి కూడా అవే. మత్తు చుక్క ఆ నరాల్లోని సోడియం ద్వారాలను మూసేస్తుంది. అర నిమిషం లోపే నొప్పి పోతుంది. దాంతో పాటే కన్నీరు ఊరడం తగ్గుతుంది, రెప్పపాటు తగ్గుతుంది. పొడి కన్ను ఇంకా పొడిబారుతుంది, ఆ సంగతి మనిషికి తెలియదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో మత్తు దిగాక మంట మునుపటికంటే ఎక్కువగా వస్తుంది. చేయి మళ్లీ సీసా మీదికి వెళ్తుంది.

నరాల సంగతి అలా ఉంచి, మందు కణాలను నేరుగా కూడా దెబ్బతీస్తుంది. కార్నియాకు గీత పడితే చుట్టూ ఉన్న కణాలు పాకుతూ వచ్చి దాన్ని కప్పేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కంట్లో చిన్న గీత ఒకటి రెండు రోజుల్లో మానిపోయేది అందుకే. మత్తు మందు ఆ కణాల కదలికను, ఒకదానికొకటి అంటిపెట్టుకునే గుణాన్ని దెబ్బతీస్తుంది. పుండు అంచులు చుట్టుకుపోయి కనిపించేది దీనివల్లే. ముందుకు రావాల్సిన కణాలు అంచు దగ్గరే ఆగిపోతాయి. వాడకం కొనసాగితే పైపొర కింది మందపాటి పొర, స్ట్రోమా, ఉబ్బుతుంది, ఉంగరంలా తెల్లకణాలు పేరుకుంటాయి, అచ్చం అకాంతమీబాలాగే కనిపిస్తుంది. ఆ తర్వాత నిజమైన ఇన్ఫెక్షన్ కూడా వచ్చి చేరొచ్చు. కార్నియా చిల్లు పడేదాకా వెళ్లిన కేసులున్నాయి.

ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. 1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటికి మత్తు ఇవ్వొచ్చని చూపించాక కంటి ఆపరేషన్ల తీరే మారిపోయింది. కొకైన్ కార్నియా పైపొరను మసకబారుస్తుందని కూడా తొందరలోనే తెలిసింది. తర్వాత వచ్చిన మందులు దానికంటే నయమే, కానీ పదేపదే వేస్తే వీటిలో ఏదీ కంటికి మంచిది కాదు.

చిన్న గీతలకు మొదటి 24 గంటలపాటు కొద్దిపాటి మత్తు చుక్కలు ఇచ్చి పంపొచ్చని కొందరు ఎమర్జెన్సీ వైద్యులు అంటున్నారు. దానిమీద చర్చ ఉంది. నా అభిప్రాయం ఏదైనా, ఆ వాదన ఆరోగ్యంగా ఉన్న కంటికి పడిన మామూలు గీత గురించి, ఒక్క రోజు గురించి. నెలల తరబడి సాగే డ్రై ఐకి అది ఏ రకంగానూ వర్తించదు.

సీసా ఆపడం, తర్వాత వచ్చే నొప్పి

మత్తు చుక్కలను మెల్లమెల్లగా తగ్గించనక్కర్లేదు. ఒక్కసారిగా ఆపేయాలి. ఇంట్లో ఉంటే ఆపడం ఆమె వల్ల కాదని ఆమే ఒప్పుకున్నారు, అందుకని వార్డులో చేర్చుకున్నాం. అన్ని చుక్కలూ సిస్టర్ చేతులమీదుగానే.

నొప్పికి ఏమివ్వాలన్న దగ్గర కొంత తర్జనభర్జన పడ్డాం. కీటోరోలాక్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి తగ్గించే కంటి చుక్కలు సులువైన దారిలా కనిపిస్తాయి. వాటినీ వద్దన్నాను. పైపొర లేని, స్పర్శ తగ్గిన, పొడి కార్నియాలో అవి కణజాలాన్ని కరిగించే ప్రమాదం ఉంది. ఒక చుక్క తీసేసి ఇంకో ప్రమాదకరమైన చుక్క ఇచ్చినట్టవుతుంది. కాబట్టి కనుపాపను విశ్రాంతిగా ఉంచే చుక్కలు, నోటి ద్వారా నొప్పి మాత్రలు, మూసిన రెప్పల మీద చల్లటి కాపడం. కార్నియాలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ కరగకుండా, రెప్పల గ్రంథులకూ పనికొస్తుందని డాక్సీసైక్లిన్. కార్నియాను కప్పి ఉంచడానికి బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్స్ పెట్టాం.

లెన్స్ పనిచేయలేదు. కన్నీరే సరిగా లేని కంట్లో అది ఆరిపోయి పట్టేసినట్టు అయ్యేది. ఆమెకు అదో కొత్త నలకలా తోచింది. అయినా మొదటి వారంలో పుండు అంచులు కాస్త చదునుగా మారి, లోపలికి జరగడం మొదలైంది. కల్చర్లలో ఏమీ పెరగలేదు, పీసీఆర్ కూడా నెగెటివ్.

రెండో వారంలో ఒక పొద్దున పుండు ఉన్నట్టుండి పెద్దదయింది. అంచులు మళ్లీ చుట్టుకున్నాయి. రాత్రి డ్యూటీ సిస్టర్ నోట్సులో "పేషెంటు చాలా రోజుల తర్వాత ప్రశాంతంగా నిద్రపోయారు" అని ఉంది. ఇంకో వైద్యుడికి అది మంచి వార్తలా కనిపించవచ్చు, నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. అడిగితే ఆమే కళ్లజోడు డబ్బాలోంచి రెండో సీసా తీసిచ్చారు.

ఇలాంటప్పుడు కోప్పడి పంపించేయడం చూశాను. దానివల్ల ఒరిగేదేమీ లేదు. పేషెంటు ఇంకో ఆసుపత్రికి వెళ్తారు, అక్కడ మళ్లీ మొదటినుంచీ ఇన్ఫెక్షన్ వైద్యం మొదలవుతుంది. ఆ సీసా మళ్లీ బయటికి వచ్చిందంటే మేమిచ్చిన నొప్పి మందు చాల్లేదని అర్థం చేసుకున్నాం. ఆ రోజే మూడు మార్పులు చేశాం. మామూలు నొప్పి మాత్రలకు తోడు నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ చిన్న మోతాదుతో మొదలుపెట్టాం. ఈ కోవలోనే వాడే అమిట్రిప్టిలిన్‌ను కావాలనే పక్కన పెట్టాం, అది కన్నీటిని ఆరబెడుతుంది. సైకియాట్రిస్టును పిలిచాం, అయితే "మీకు పిచ్చి అని కాదు" అని సర్దిచెప్పే అవసరం రాకుండా నొప్పి వైద్యంలో ఒక భాగంగానే పరిచయం చేశాం. నిద్రలేమి, దిగులు అప్పుడే బయటపడ్డాయి. మూడోది, లెన్స్ తీసేసి ఆమ్నియోటిక్ పొర (కాన్పు తర్వాత మాయ నుంచి తీసే పలచటి పొర) కుట్టి, రెప్పలను పక్కనుంచి కొంతమేర తాత్కాలికంగా కలిపి కుట్టాం.

రెప్పలు కుట్టడం మొహానికి కనిపిస్తుంది కాబట్టి పేషెంట్లు భయపడతారు. కానీ స్పర్శ లేని కార్నియాకు అంతకంటే మంచి రక్షణ లేదు. ఆరే ఉపరితలం తగ్గుతుంది, రెప్పల రాపిడి తగ్గుతుంది. ఇంకో లాభం పుస్తకాల్లో ఉండదు: చుక్క వేసుకోవడానికి కన్ను అంత తేలిగ్గా తెరుచుకోదు.

ఆ వెంటనే ఆమె సొంత రక్తంతో చేసిన సీరం చుక్కలు మొదలయ్యాయి. రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, పైన తేరిన సీరాన్ని వేరుచేసి, సెలైన్‌తో 20 శాతానికి పలుచన చేస్తారు. ఎపిథీలియం పెరుగుదలకు కావలసిన కారకాలు, నరాల పెరుగుదల కారకం, విటమిన్ ఏ అందులో సహజంగానే ఉంటాయి. ప్రిజర్వేటివ్ ఉండదు. అందుకే ఫ్రీజర్‌లో నిల్వ ఉంచి, తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టుకుని, తక్కువ రోజుల్లో వాడేయాలి.

పైపొర మూసుకోవడానికి నెల దాటింది. స్టెరాయిడ్ చుక్కలు అప్పటిదాకా మొదలుపెట్టలేదు. ఉంగరం మచ్చ చూస్తే వెంటనే వేయాలనిపిస్తుంది, అది వాపు వల్లే కాబట్టి. కానీ పుండు తెరిచి ఉండగా, ఇన్ఫెక్షన్ లేదని పూర్తిగా తేలకముందు స్టెరాయిడ్ వేస్తే కార్నియా పలచబడవచ్చు. పుండు దాదాపు మూసుకున్నాక ప్రిజర్వేటివ్ లేని తేలికపాటి స్టెరాయిడ్ వేశాం. ఉంగరం మెల్లగా కరిగింది, మధ్యలో పలచటి మసక మచ్చ మిగిలింది.

అసలు జబ్బు దగ్గరికి

పుండు మానిందంటే ఆమె మొదలుపెట్టిన చోటికి వచ్చారన్నమాట, అంతే. మంట అలాగే ఉంది. ఇప్పుడైనా డ్రై ఐకి సరైన వైద్యం జరగకపోతే మూడో సీసా వస్తుంది.

ఎడమకంటిలో కన్నీటి పొర మూడు సెకన్లలో చెదిరిపోయేది. పది సెకన్లు నిలవాలి. కన్నీరు ఎంత ఊరుతోందో చూడటానికి మత్తు లేకుండా చేసిన షిర్మర్ పరీక్షలో రెప్పలో పెట్టిన కాగితం ఐదు నిమిషాలకు 7 మిల్లీమీటర్లు తడిసింది. రెప్ప అంచును వేలితో నొక్కితే పలచటి నూనె రావాల్సిన చోట చిక్కటి తెల్లటి పేస్టు వచ్చింది. అంటే కన్నీరు తక్కువే, ఉన్న కన్నీరు కూడా నూనె పొర లేక ఆవిరైపోతోంది. ఏడాదిపాటు చుక్కలతో నీళ్లు పోస్తూనే ఉన్నారు, నూనె సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కీళ్ల నొప్పులు, నోరు ఎండిపోవడం గురించి అడిగి, రోగనిరోధక వ్యవస్థ సొంత కన్నీటి, లాలాజల గ్రంథులనే దెబ్బతీసే షోగ్రెన్ జబ్బుకు రక్తపరీక్షలు కూడా చేయించాం. అవి నెగెటివ్.

మరో విషయం తేల్చుకోవాలి. నొప్పి కంటి ఉపరితలం నుంచి వస్తోందా, నరాలే పాడై సొంతంగా నొప్పి పుట్టిస్తున్నాయా? దీనికి క్లినిక్‌లో ఒక మత్తు చుక్క వేసి చూస్తాం. నొప్పి పూర్తిగా పోతే మూలం ఉపరితలంలో ఉన్నట్టు, పోకపోతే లోపలి నరాల దారుల్లో ఉన్నట్టు. ఈమె విషయంలో ఆ పరీక్ష చేయడానికి చేయి రాలేదు, చేయనవసరమూ లేదు. ఎమర్జెన్సీలో వేసిన మొదటి చుక్కకే బాధంతా పోయిందని ఆమే చెప్పారు. అంటే అప్పటికి నొప్పిలో ఎక్కువ భాగం ఉపరితలానిదే, వైద్యానికి లొంగేదే. చివరి నెలల్లో చుక్క వేసినా కంటి వెనక ఏదో మంట మిగిలేదని కూడా అన్నారు. అది నరాల వాటా. గాబాపెంటిన్ కొనసాగించాలన్న నిర్ణయానికి ఆ మాటే ఆధారం.

మిగతా వైద్యంలో కొత్తదేమీ లేదు, చేసిన పద్ధతే మారింది. సుమారు 40 డిగ్రీల వేడి కాపడం రోజూ పది నిమిషాలు, ఆ వెంటనే రెప్పల అంచులు శుభ్రం చేసుకోవడం. అలర్జీ మాత్ర బదులు ముక్కు స్ప్రే. స్క్రీన్‌ను కంటిచూపుకంటే కిందికి దించడం, ఏసీ గాలి మొహానికి తగలకుండా చూసుకోవడం, పనిలో పక్కలు మూసి ఉన్న కళ్లజోడు. సైక్లోస్పోరిన్ మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి వారాల మంటకు తేలికపాటి స్టెరాయిడ్ తోడుగా ఉంది, మూడు నెలలదాకా ఫలితం అడగొద్దన్న ఒప్పందమూ ఉంది. కన్నీరు బయటికి పోయే రంధ్రాలకు ప్లగ్‌లు వాపు తగ్గాకే పెట్టాం. ముందే పెడితే వాపు పదార్థాలున్న కన్నీరు కంట్లోనే నిలిచిపోతుంది.

ఎక్కువ తేడా తెచ్చిందని నేననుకునే మార్పు ఇంకోటి. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలను నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం చూసి వేసుకోమన్నాం. నొప్పి పుట్టగానే సీసా అందుకోవడం ఆమె చేతికి అలవాటైపోయింది. సీసాలో మందు మారినా ఆ అలవాటు ఉన్నంతకాలం పాత సీసా గుర్తుకొస్తూనే ఉంటుంది. గంట కొట్టగానే చుక్క, మంట ఉన్నా లేకపోయినా. మధ్యలో మంట వస్తే చల్లటి కాపడం, కళ్లు మూసుకుని కాసేపు కూర్చోవడం, ఆ పైన మాకు ఫోన్. మొదట్లో ఫోన్లు చాలానే వచ్చాయి.

ఇప్పటి పరిస్థితి, మా పద్ధతిలో మార్పులు

కుడికంటి చూపు కళ్లజోడుతో 6/18 వరకు వచ్చింది. మధ్యలో మచ్చ ఉంది, స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. మచ్చకు ఆపరేషన్ గురించి అడుగుతున్నారు. స్పర్శ తక్కువగా ఉన్న పొడి కంట్లో కార్నియా మార్పిడి చేస్తే అది కూడా మానకపోయే ప్రమాదం ఉందని చెప్పి ప్రస్తుతానికి ఆపాం. ఎడమకన్ను బాగుంది. సాయంత్రాలు మంట ఇంకా ఉంటుంది, పదిలో మూడు నాలుగు అంటారు. ఉద్యోగానికి వెళ్తున్నారు.

ఆమె ఫైలు పైనే, కనిపించేలా, మత్తు చుక్క ఇంటికి ఇవ్వకూడదని రాసి ఉంది. కంటి ప్రెషర్‌ను మత్తు అవసరం లేని రీబౌండ్ టోనోమీటర్‌తో చూస్తున్నాం. ఇప్పుడు మా దగ్గర ప్రొపారకైన్ సీసా పేషెంటుకు అందేంత దూరంలో ట్రేలో ఉండదు. నలక తీయించుకోవడానికి వచ్చినవాళ్లకు చుక్క వేసేటప్పుడే, ఈ హాయి మందు వల్ల వచ్చిందనీ, ఇది ఇంటికి తీసుకెళ్లే మందు కాదనీ చెబుతాం. ఉంగరం మచ్చతో వచ్చే ప్రతి కేసులో, అకాంతమీబా పరీక్షలతో పాటే, పేషెంటు ఒంటరిగా ఉన్నప్పుడు, పైన చెప్పిన ప్రశ్న అడుగుతాం.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి దగ్గరైనా అలాంటి సీసా ఉంటే, దాన్ని పారేసి ఇంట్లోనే నొప్పి ఓర్చుకోవాలని చూడకండి. ఆపిన మొదటి రోజుల్లో నొప్పి బాగా పెరుగుతుంది, చాలామంది అక్కడే మళ్లీ మొదలుపెడతారు. పుండు ఉందో లేదో అద్దంలో కనిపించదు. సీసా వెంట తీసుకుని అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి, ఎన్నాళ్లనుంచి, రోజుకు ఎన్నిసార్లు వేస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. చూపు తగ్గినా, కార్నియా మీద తెల్లటి మచ్చ కనిపించినా, వెలుతురు భరించలేకపోతున్నా తెల్లవారేదాకా కూడా ఆగొద్దు.